మీ ప్రశ్న – మా జవాబు: పెరటి గదిలో తూటాలు నింపుకోవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాన్నగారికి లైసెన్స్ ఉన్న 12 బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ ఉంది. టెక్సాస్‌లో ఉండే మా బావ గ్యారేజీలో బల్ల వేసుకుని, కాల్చేసిన ఖాళీ తూటాల్ని మళ్లీ నింపుకుంటాడు. దసరాకి వచ్చేటప్పుడు ఆ నింపే యంత్రం (ప్రెస్) నాకూ ఒకటి తెస్తానంటున్నాడు. పెరటి గది ఖాళీగా ఉంది. బల్ల ఎలా వేయాలి, తూటాల్లో నింపే మందు (గన్‌పౌడర్) ఎక్కడ పెట్టాలి?

జవాబు: ముందు మీ బావగారికి ఫోన్ చేసి, ఆ ప్రెస్‌ని పెట్టెలో పెట్టొద్దని చెప్పండి. అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి ఆయనకది మామూలు విషయం. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా ఎంతో, దాని విడిభాగాలూ దాన్ని తయారుచేసే యంత్రమూ అంతే, అంటే లైసెన్స్ లేకుండా ఆ ప్రెస్ విమానంలో దిగడమే నేరం. నాన్నగారి లైసెన్స్ తుపాకీ ఉంచుకోవడానికి, తూటాలు కొనుక్కోవడానికి మాత్రమే. లైసెన్స్ లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మందు రకం మారినా కొలత కాస్త ఎక్కువైనా బ్యారెల్ చీలిపోవచ్చు, అప్పుడు పోయేది తుపాకీ పట్టుకున్నవాళ్ల చెయ్యి.

పెరటి గది కన్నా ఇప్పుడున్న తూటాల్ని చూడండి. మీ వైపు వానాకాలం చెమ్మకి పాత కాగితం తూటాలు ఉబ్బి బ్యారెల్‌లోకి దూరవు, ఇత్తడి అడుగున ఆకుపచ్చ చిలుము పడుతుంది. అలాంటివి గీకొద్దు, విప్పొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. నాన్నగారే పర్లాకిమిడి కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌కి వెళ్లి, వాటిని ఎక్కడ అప్పగించాలో అడగడం మంచిది. బాగున్నవి తుపాకీతో కలపకుండా వేరే ఇనప్పెట్టెలో, పొయ్యికి దూరంగా, తాళం వేసి ఉంచాలి. ఆ తాళంచెవి నాన్నగారి దగ్గరే ఉండాలి, ఎందుకంటే లైసెన్స్ ఆయన పేరు మీదే, మీ పేరు మీద కాదు. పనిలో పనిగా ఇంకో మాట, పంట మీద పడిన అడవిపందిని కాల్చడానికి ఆ లైసెన్స్ చాలదు, వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి.

బల్ల సరదా మాత్రం ఎందుకు వదులుకోవాలి? .177 అంగుళాల బోరున్న ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీ), శక్తి 20 జౌళ్లు దాటకపోతే, లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చు. 2008 ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కదా. పోటీలకి వెళ్లేవాళ్లు 0.53 గ్రాముల పెల్లెట్లని (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లని) చిన్న త్రాసు మీద ఒక్కోటి తూచి, ఒకే బరువున్నవి వేరే డబ్బాలో వేసుకుంటారు, మీ బావగారి బల్ల మీద జరిగే పనిలో సగం ఓపిక ఇక్కడా కావాలి. పెరటి గదిలో కిటికీ వైపు గట్టి బల్ల వేయండి, త్రాసు కదలకూడదు. పెల్లెట్లు సీసంతో చేస్తారు కాబట్టి ఆ బల్ల దగ్గర తినడం, తాగడం వద్దు, లేచాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే నేలని తడిగుడ్డతో తుడవండి.