300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఏ పోర్టబుల్ యాంప్?

సెన్‌హైజర్ హెచ్‌డీ 650కి ఫోన్ డాంగిల్‌లో (ఫోన్ యూఎస్‌బీ సాకెట్‌కి తగిలించే చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్) వాల్యూమ్ ఫుల్ పెట్టినా సౌండ్ చాలట్లేదంటే, తక్కువైంది వోల్టేజీ. అది 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ మరి; ఓమ్‌లు (కరెంటుకి అడ్డు) ఎక్కువైతే వోల్టేజీ కూడా ఎక్కువ కావాలి.

1. యాంప్ (సౌండ్ సిగ్నల్‌ని పెంచే పరికరం) డబ్బా మీద రాసే “1000 మిల్లీవాట్లు” లాంటి అంకె చాలావరకు 32 ఓమ్‌ల దగ్గరి లెక్క. అందరూ బోల్తా పడేది ఇక్కడే. స్పెక్స్‌లో 300 ఓమ్‌ల దగ్గర ఎంత ఇస్తుందో వెతకండి. 2 వోల్టులైతే 13 మిల్లీవాట్లు, 4 వోల్టులైతే 53. నన్నడిగితే 50 దాటితే చాలు, మిగతాదంతా డబ్బు దండగ. ఆ అంకె ఇవ్వని యాంప్ జోలికి పోకండి.

2. ఆ అంకె 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ సాకెట్‌ది (ఎడమ, కుడి చెవులకి పూర్తిగా విడివిడి వైర్లుండేది) అయితే కేబుల్ విడిగా కొనాలి. మామూలు 3.5 పిన్నుకి అడాప్టర్ తగిలించి అందులో గుచ్చొద్దు, యాంప్ కాలిపోవచ్చు.

3. యాంప్ మీది గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో ఎంచుకునే సెట్టింగ్) ‘హై’లో పెట్టండి. ముందు వాల్యూమ్ తగ్గించి!