నిర్ణయం అడిగి, ఆ తర్వాత మరచిపోయే ఆటలు

కథ బాగుంటుందని విని మొదలుపెట్టిన ఆర్పీజీలు (ఒక పాత్రను నడిపిస్తూ కథలో సాగే వీడియో ఆటలు), విజువల్ నావెల్స్ (బొమ్మలతో పాటు కథ చదువుతూ, మధ్యమధ్యలో ఎంపికలు చేసే ఆటలు) చివరికి వచ్చేసరికి ఎందుకు నీరుగారిపోతున్నాయనీ, ఆ సంగతిని ముందే పసిగట్టే మార్గం ఉందా అనీ అడిగారు. ఈ రెండు రకాల ఆటలనూ ఏళ్ల తరబడి ఇష్టంగా ఆడిన నాకు కనిపించిన ప్రధాన కారణం ఒక్కటే: ఆట మనల్ని నిర్ణయం తీసుకోమంటుంది, తీసుకున్నాక దాన్ని మరచిపోతుంది.

నన్ను బాగా బాధపెట్టిన విజువల్ నావెల్ ఒకటుంది, పేరు చెప్పను. జబ్బుపడిన చెల్లెలికి నిజం చెప్పాలా, దాచాలా అని కథానాయకుణ్ణి అడిగే ఘట్టం అందులో వస్తుంది. చాలాసేపు ఆలోచించి నిజమే చెప్పించాను. ఆమె ఏడుస్తుంటే నాకూ మనసు భారమైంది. ఆట పూర్తయ్యాక మళ్లీ మొదలుపెట్టి, ఈసారి దాచమని ఎంచుకుని స్కిప్ నొక్కాను. ఒకసారి చదివిన వాక్యాలను మాత్రమే దాటించి, కొత్త వాక్యం రాగానే ఆగేలా ఆ స్కిప్ పనిచేస్తుంది. అది నాలుగు వాక్యాల దగ్గర ఆగింది; తర్వాత అధ్యాయం చివరిదాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది. నిజం తెలిసిన చెల్లెలూ, తెలియని చెల్లెలూ మర్నాడు పొద్దున అన్నతో అవే మాటలు మాట్లాడారు.

రచయితల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. రెండేసి దారులున్న ఎంపికలు పది ఉండి, ఏ దారీ మరొకదానితో కలవకపోతే 1,024 ముగింపులు రాయవలసి వస్తుంది. కాబట్టి దారులను తిరిగి కలపడం తప్పు కాదు. కలిపిన తర్వాత కూడా జరిగినదాని జాడ పాత్రల మాటల్లో మిగలాలి. 2004లో వచ్చిన ఫేట్/స్టే నైట్ అనే విజువల్ నావెల్‌లో దారులు (రూట్లు) మూడే అయినా, మొదటి రూట్‌లో పక్కన ఉండిపోయిన సకురా అనే పాత్ర మూడో రూట్‌కు కేంద్రమైనప్పుడు, అంతకుముందు చదివినదంతా కొత్తగా కనిపిస్తుంది.

ఆర్పీజీల్లో ఈ లోపం ఎక్కువగా చివర్లో బయటపడుతుంది. 1998 నాటి జెనోగేర్స్ రెండో డిస్క్‌లో, మనమే స్వయంగా ఆడి చూడవలసిన సంఘటనలను చాలావరకు కుర్చీలో కూర్చున్న పాత్రలు చెబుతుంటే చదువుకుంటాం. 2012 మార్చిలో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 3 విషయంలో, మూడు ఆటల పొడవునా మోసుకొచ్చిన నిర్ణయాలకు ముగింపులో విలువ లేకుండా పోయిందని ఆటగాళ్లు ఎంతగా నొచ్చుకున్నారంటే, అదే ఏడాది జూన్‌లో ముగింపును విస్తరించి ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. ఆర్పీజీలో మొదటి గట్టి నిర్ణయం ఎదురవగానే సేవ్ చేసుకుని, రెండు దారుల్లోనూ ఆడి, ఆ పాత్రతో తర్వాత జరిగే సంభాషణను పోల్చి చూస్తాను. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడిన ఆటను వాపసు ఇవ్వవచ్చు కనుక ఈ పరీక్షను ఆ గడువులోనే ముగిస్తాను. విజువల్ నావెల్స్‌కు ఇది సరిపడదు, ఎందుకంటే చాలావాటిలో మొదటి రెండు గంటల్లో ఎంపికలే రావు. వాటి విషయంలో మాత్రం, పూర్తిగా ఆడినవారిని కథ ఎలా ఉందని అడగను. రెండోసారి ఆడినప్పుడు స్కిప్ ఎన్నిచోట్ల ఆగిందని అడుగుతాను.