రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శీతాకాల కాలువ మీద ఉన్న వంతెనలన్నీ పాతవేనా?

కావు. చూడ్డానికి మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వయసులో చాలా తేడా ఉంది.

కాలువ చిన్నదే. నేవా, మోయ్కా నదులను కలుపుతూ 1718-19లో తవ్వారు. పొడవు సుమారు 228 మీటర్లు, అంటే మూడు నాలుగు నిమిషాల నడక. పక్కనే పీటర్ చక్రవర్తి శీతాకాల నివాసం ఉండేది కాబట్టి ఆ పేరు.

నేవా వైపు, హెర్మిటేజ్ మ్యూజియం పక్కనున్న హెర్మిటేజ్ వంతెన అన్నిటికంటే పాతది. మొదట చెక్కది, 1763-66లో రాతితో కట్టారు. మిలియన్నయా వీధిలోది 1780ల నాటిది. మోయ్కా దగ్గరది మాత్రం 1962-64లో కాంక్రీటుతో కట్టి, పాతవాటి పోలికలో మలిచారు. చెప్తే తప్ప తెలియదు!

ఫొటోల్లో అందరూ చూపించే, కిటికీలున్న ఆర్చి అసలు వీధి వంతెనే కాదు. పాత హెర్మిటేజ్ భవనం నుంచి థియేటర్‌కి వెళ్లే గది లాంటి దారి. మిలియన్నయా వంతెన మీద నిలబడితే ఆ ఆర్చి కింద నుంచి హెర్మిటేజ్ వంతెన, దాని వెనక నేవా కనిపిస్తాయి. నన్నడిగితే ఫొటోకి అదే సరైన చోటు.