గుంటల లెక్క క్యాలిక్యులేటర్‌కి రాదు

చి.ల.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం ఫోన్‌లో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. ఎకరం 40 లక్షలన్న మధ్యవర్తి ఇప్పుడు 95 లక్షలు అడుగుతున్నాడని, మోసపోతున్నామేమోనని నీ టెన్షన్. నీ లెక్కలో 62 లక్షలే వస్తున్నాయి. అమ్మా, ఆ మనిషి ఎలాంటివాడో నాకు తెలియదు గానీ లెక్క మాత్రం అతనిదే కరెక్ట్.

కాగితంలో రెండు బిట్లున్నాయి. ఒకటి 1.25, ఇంకోటి 0.30. రెండూ కలిపి 1.55 ఎకరాలనుకున్నావు. జగ్గయ్యపేటలో పుట్టి పెరిగినదానివి, చుక్క తర్వాత ఉన్నవి సెంట్లనే అనుకుంటావు. కానీ నువ్వు కొనేది కోదాడ అవతల, తెలంగాణలో. అక్కడ చుక్క తర్వాత రాసేవి గుంటలు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40. కాబట్టి 1.25 అంటే ఎకరా పాతిక గుంటలు, మొత్తం 65 గుంటలు. దానికి 30 కలుపు, 95. అందులో రెండెకరాలకు 80 పోతే మిగిలేవి 15. నువ్వు కొంటున్నది రెండెకరాల 15 గుంటలు. ఎకరం 40 లక్షలైతే గుంట లక్ష. అతను అడిగింది అదే.

అవతలి కాగితం ఏది చేతికొచ్చినా ముందు అన్నిటినీ గుంటల్లోకి మార్చు. కలపడమైనా తీయడమైనా గుంటల్లోనే చెయ్యి, చివర 40తో భాగించు. క్యాలిక్యులేటర్ ఆ చుక్కను దశాంశం అనుకుంటుంది, అది నిజానికి ఎకరాలకీ గుంటలకీ మధ్య గోడ. రెండున్నర ఎకరాలను అక్కడ 2.20 అని రాస్తారు, మన పక్క 2.50 అని రాస్తాం. చుక్క తర్వాత 40 గానీ అంతకు పైన గానీ కనిపిస్తే ఎవరో సెంట్లనూ గుంటలనూ కలగలిపేశారని అర్థం చేసుకో. అగ్రిమెంటులో చుక్క పెట్టనివ్వకు. "ఎ. 2-15 గుంటలు" అని అంకెల్లో, "రెండు ఎకరముల పదిహేను గుంటలు" అని అక్షరాల్లో రాయించు.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే మర్చిపోవు. మద్రాసు ప్రెసిడెన్సీలో 66 అడుగుల గొలుసుతో కొలిచారు, దానికి 100 లింకులు. ఆ గొలుసు చదరాలు పది కలిస్తే ఎకరం, ఒక్కో చదరానికి పది సెంట్లు. నిజాం పక్క వాడింది అందులో సగం గొలుసు, 33 అడుగులది, 16 అణాలుగా విడదీసింది. ఆ గొలుసు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి వేస్తే వచ్చే చదరమే గుంట. 33 ఇంటూ 33, అంటే 1089 చదరపుటడుగులు. గజాల్లో 11 ఇంటూ 11, అంటే 121. నాకు గుంట మీద కాస్త ఎక్కువ ఇష్టం, పొలం గట్టు మీద నిలబడి కంటితో ఊహించుకోవచ్చు. సెంటును అలా చూడలేం, అది 48.4 గజాలు.

ఆ పాయింటు నాలుగును మింగొద్దు. సెంటు 48 గజాలేగా అని చాలామంది నోటితో తేల్చేస్తారు. అలా ఎకరానికి 4800 గజాలే వస్తాయి, ఉండాల్సింది 4840. నలభై గజాలంటే ఈ రోజుల్లో ఎంతో నువ్వే చెప్పు. మారుస్తూ మారుస్తూ మధ్యలో ఎక్కడా సవరించకు, చివరి అంకె వచ్చాక అప్పుడు చూసుకో.

ఇక నెల్లూరులో మీ అత్తగారిచ్చిన స్థలం సంగతి. 25 అంకణాలని ఆవిడ, 50 అంకణాలని తిరుపతి నుంచి వచ్చిన అల్లుడుగారి తోడల్లుడు అంటే, అల్లుడుగారు మధ్యలో నలిగిపోయారన్నావు. ఇద్దరూ నిజమే చెప్పారు. నెల్లూరు అంకణం 72 చదరపుటడుగులు, తిరుపతి పక్క 36. ఎలా చూసినా 1800 అడుగులు, 200 గజాలు, సుమారుగా 4.13 సెంట్లు. అమ్మకానికి పెట్టేటప్పుడు ఊళ్లో వాళ్లతో అంకణాల్లోనే మాట్లాడు, బేరం అలాగే నడుస్తుంది. కాగితం మీద మాత్రం గజాలు, పక్కనే చదరపు మీటర్లు ఉండాలి. గజం 0.8361 చదరపు మీటర్లు, నీ 200 గజాలు 167.22 అవుతాయి. ఇల్లు కట్టే ప్లాను మీటర్లలోనే అడుగుతారు కాబట్టి కొనేవాళ్లకూ అది పనికొస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీ అత్తయ్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. దస్తావేజులు రాయడం మొదలెట్టిన కొత్తలో ఒక ఇంటిస్థలం తూర్పు వైపు కొలత 30 అడుగుల 11 అంగుళాలు. నేను తొందరలో 30.11 అని రాశాను. ఏళ్ల తర్వాత కొలవడానికి వచ్చినతను దాన్ని దశాంశంగా చదివాడు. 0.11 అడుగంటే అంగుళం పావు దాటి కొంచెం, అంతే. ఆ గోడ దగ్గర దాదాపు పది అంగుళాలు పోయాయి. ఇరుగుపొరుగు మాటలు మానేశారు. చివరికి సవరణ దస్తావేజు రాసి నా సొంత ఖర్చుతో రిజిస్టర్ చేయించాను. అడుగులూ అంగుళాలూ ఎప్పుడూ మాటల్లో రాయించు.

స్థలం కొలిచేటప్పుడు ఇంకో మాయ ఉంది. ఎదురెదురు పక్కలు కలిపి సగం చేసి, ఆ రెండు సగాలనూ గుణిస్తారు. మూలలు సరిగ్గా ఉంటే అది చెల్లుతుంది. నులక మంచం ఒక పక్కకి ఒరిగితే ఎలా ఉంటుందో తలుచుకో. పట్టెలు అవే, కొలతలు అవే, కానీ పడుకునే జాగా తగ్గుతుంది. స్థలమూ అంతే. 40కి 60 అడుగుల స్థలమైతే మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టు. 72 అడుగుల అంగుళం పైచిలుకు రావాలి, రెండో మూలకూ అంతే రావాలి. తేడా వస్తే 2400 అడుగులకు డబ్బివ్వకు. స్థలాన్ని రెండు త్రికోణాలుగా విడదీసి లెక్క కట్టించు.

పాత కాగితాల్లో "ఏదుము గింజల భూమి" లాంటి మాట కనిపిస్తే మార్చడానికి కూర్చోకు. ఏదుమంటే ఐదు తూములు, ఇరవై తూములైతే పుట్టి. అది అక్కడ చల్లే విత్తనాన్ని బట్టి చెప్పిన మాట. నేల మారితే విస్తీర్ణం మారిపోతుంది. సర్వే నంబరు పట్టుకుని రికార్డులో ఎంతుందో చూడటమే దారి.

అడ్వాన్సుకు అమ్మమ్మ బంగారం అమ్ముతానన్నావు, అది నాకు నచ్చలేదు గానీ నీ ఇష్టం. ఆవిడ ఐదు తులాలు అనేది పాత తులం, 11.66 గ్రాములది, అంటే 58 గ్రాములు దాటాలి. ఇప్పుడు చాలా కొట్లలో తులమంటే పది గ్రాములే. గ్రాముల్లోనే తూయించు, తులాల మాట ఎత్తనే వద్దు.

అడ్వాన్సు ఇచ్చే ముందు కోదాడ అవతల సర్వే పెట్టించు. ఆ రోజు నేనూ వస్తాను. నువ్వు 30 మీటర్ల స్టీలు టేపు ఒకటి కొని ఉంచు. గుడ్డ టేపు తేవద్దు, అది సాగుతుంది.

ఇట్లు,
మీ మామయ్య