పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నారా? ముందు ఆ ఫిట్స్ మాత్ర సంగతి తేల్చండి

ప్రశ్న: నా వయసు 26. మాది ఖమ్మం. రెండు నెలల్లో పిల్లల కోసం ప్రయత్నిద్దామనుకుంటున్నాం. ఏ పండ్లు తింటే మంచిది? మెడికల్ షాపులో ఇచ్చిన మల్టీవిటమిన్ వేసుకుంటున్నాను, చాలా? ఫోలిక్ యాసిడ్ నెల తప్పాక మొదలుపెట్టొచ్చని మా వదిన అంటోంది. ఫిట్స్‌కు సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతున్నాను. మూడేళ్లుగా ఫిట్స్ రాలేదు.

జవాబు: పండ్ల సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన వాల్‌ప్రోయేట్ గురించే నా దిగులంతా. గర్భంతో ఉండి ఈ మందు వాడినవారి పిల్లల్లో వందకు సుమారు పదిమందికి అవయవ లోపాలు వస్తాయి. వెన్నెముక మూసుకోని స్పైనా బైఫిడా వాటిలో ఒకటి. 30 నుంచి 40 మందిలో మాట, నడక, చదువు వెనకబడవచ్చు.

అలాగని ఈ పూటే మాత్ర ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. న్యూరాలజిస్టును కలవండి. లెవెటిరాసిటమ్, లామోట్రిజిన్ లాంటివాటికి మారవచ్చో లేదో మీ ఫిట్స్ రకాన్ని బట్టి ఆయనే చెప్పాలి. మార్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడండి.

మీ వదినగారు మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ లెక్క కుదరదమ్మా. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసేసరికే అందులో రెండు వారాలు గడిచిపోతాయి. నాలుగు రోజులు చూసి, టెస్ట్ చేసుకుని, మంచిరోజు చూసుకుని ఆస్పత్రికి వచ్చేసరికి మిగతా రెండూ అయిపోతాయి. ఆ తర్వాత వేసే మాత్ర అప్పటికే ఏర్పడిన లోపాన్ని సరిచేయలేదు.

మామూలుగా అయితే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా. ఫిట్స్ మందులు వాడేవారికి, ముందు కాన్పులో ఇలాంటి లోపం ఉన్నవారికి సాధారణంగా 5 మిల్లీగ్రాములు రాస్తాం. మీ డోసు మీ డాక్టరే తేల్చాలి. ఎంత వేసుకున్నా వాల్‌ప్రోయేట్ ముప్పు పూర్తిగా పోదు. ఫోలిక్ యాసిడ్ పెద్ద డోసులో వేసుకుంటే అది విటమిన్ బి12 లోపాన్ని బయటపడకుండా కప్పేస్తుంది కాబట్టి, ముఖ్యంగా శాకాహారులైతే, ముందే ఆ పరీక్ష చేయించుకోండి.

మల్టీవిటమిన్ స్ట్రిప్ వెనక్కి తిప్పి ఫోలిక్ యాసిడ్ ఎంతుందో చూడండి. తక్కువుందని రెండు మూడు మింగొద్దు. రెటినాల్ రూపంలో విటమిన్ ఎ రోజుకు 10,000 ఐయూ (స్ట్రిప్ మీద IU అని ఉండే కొలత) దాటితే అదే బిడ్డకు హాని. ఈ విటమిన్ ఎక్కువుండే కార్జం కూడా ప్రస్తుతానికి మానండి.

పండ్లు ఏవైనా తినండి. ఫోలేట్‌కు, అంటే తిండిలో సహజంగా ఉండే ఫోలిక్ యాసిడ్ రూపానికి, తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మేలు. ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోయకండి, ఫోలేట్ అందులోకే దిగుతుంది. తిండి ఎంత బాగున్నా మాత్ర తప్పదు.

ఇది చదివేలోపే నెల తప్పి ఉంటే, మందు ఆపకుండా ఆ రోజే న్యూరాలజిస్టునూ, గైనకాలజిస్టునూ కలవండి. పాత చీటీలు, వాడుతున్న స్ట్రిప్‌లు అన్నీ వెంట తీసుకెళ్లండి.