ఏ కంపెనీ లారీ, ఏ ఇంజిన్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పిడుగురాళ్ళ. రెండు పాత పది టైర్ల లారీలతో సిమెంటు, సున్నం తోలుతున్నాము. ఇప్పుడు మరో పది టైర్ల బండి కొనాలనుకుంటున్నాము. టాటా బండి మొండిదని ఒకరు, లోడు గుంజడంలో లేలాండ్‌కు సాటి లేదని మరొకరు, భారత్‌బెంజ్ ఎక్కినవాడు దిగడని డ్రైవర్లు చెబుతున్నారు. నెలకు 72,000 రూపాయల కిస్తీ పడుతుంది, సుమారు 8,000 కిలోమీటర్లు తిరుగుతాము. ఏ ఇంజిన్‌ను నమ్మవచ్చు?

జవాబు: మీకు చెప్పినవారెవరూ అబద్ధం చెప్పలేదు. అయితే టాటా, లేలాండ్ గురించి వారు చెప్పింది తాము ఇరవై ఏళ్ళ కిందట నడిపిన ఇంజిన్ గురించి, మీరు కొనబోయే ఇంజిన్ గురించి కాదు. టాటా సంస్థ 1954 నుంచి 1969 వరకు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారు చేసింది. ఆ తరువాత కాలంలో ఊరూరా తిరిగిన టాటా 697 ఇంజిన్ పేరులోనే దాని జాతకం ఉంది: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు). బోరు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) రెండూ నాటి బెంజ్ ఓఎం 352 ఇంజిన్ కొలతలే. దానిని చింతచెట్టు కింద తార్పాలిన్ పరిచి విప్పి, సాయంత్రానికి బిగించి పంపగల మేస్త్రీలు ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండేవారు కనుకనే టాటాకు మొండిదన్న పేరు వచ్చింది. లేలాండ్ తన హెచ్ వరుస ఇంజిన్‌ను 1980లలో జపాన్‌లోని హినో సంస్థ నుంచి తెచ్చుకుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పకుండా లాగుతుందన్న మాట అప్పటిది.

2020 ఏప్రిల్ 1న పొగ కాలుష్యంపై బీఎస్-6 నిబంధనలు వచ్చిన తరువాత ఈ పాత తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. ఇప్పుడు ఏ కంపెనీ బరువు లారీ బానెట్ కింద చూసినా కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే ఉమ్మడి గొట్టం), కంప్యూటర్ డబ్బా, సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టరు, పక్కన పొగను శుభ్రపరిచే యూరియా ద్రావణం ట్యాంకు ఉంటాయి. కామన్ రైల్‌లో డీజిల్ 1,600 బార్‌కు పైబడిన ఒత్తిడితో నాజిల్‌కు చేరుతుంది కనుక చెట్టు కింద దానిని విప్పే మేస్త్రీ ఉండడు, ఉన్నా మీరు విప్పనివ్వకూడదు.

మిగిలిన తేడాలలో మొదట చూడవలసింది ఇంజిన్ పరిమాణం. లేలాండ్ హెచ్ వరుస సుమారు 5.7 లీటర్లది. టాటా కొన్ని బండ్లకు తన సొంత 5 లీటర్ల టర్బోట్రాన్ ఇంజిన్‌ను, మరింత బరువైన వాటికి కమిన్స్ ఇంజిన్లను వాడుతుంది. టాటా కమిన్స్ 1993లో ఏర్పడిన ఉమ్మడి సంస్థ. 2012 నుంచి చెన్నై దగ్గర ఒరగడంలో తయారవుతున్న భారత్‌బెంజ్ పెద్ద బండ్లలో 7.2 లీటర్ల ఓఎం 926 ఉంది. మహీంద్రా బ్లేజో ఇంజిన్ కూడా 7.2 లీటర్లదే. 2016లో మైలేజీ రాకపోతే బండి వెనక్కి ఇవ్వవచ్చని చెప్పి అమ్మిన బండి అది. ఐషర్ లారీలు 2008 నుంచి వోల్వోతో కలిసిన సంస్థ పేరున వస్తున్నాయి, వాటి పెద్ద ఇంజిన్ల మూలం వోల్వోదే. ఒకే పనికి పెద్ద ఇంజిన్ పెడితే అది తక్కువ అలసటతో చేస్తుంది, ఘాట్ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని మూసి వేగం తగ్గించేది) కూడా గట్టిగా పడుతుంది, కానీ కొనుగోలు ధర, సామాను ధర రెండూ పెరుగుతాయి.

బండి మొహం మీద ఉన్న అంకెను చదవడం నేర్చుకుంటే సగం సందేహం తీరుతుంది. 2818, 2820, 2823 వంటి వాటిలో మొదటి రెండంకెలు బండి, సరుకు కలిపి మొత్తం బరువు టన్నులలో, చివరి రెండంకెలను పదితో హెచ్చవేస్తే సుమారుగా ఇంజిన్ అశ్వశక్తి వస్తుంది. 2018 జూలైలో యాక్సిల్ బరువు పరిమితులు పెంచినప్పుడు పది టైర్ల బండి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు ఎగబాకింది, అంటే 180 అశ్వశక్తితో ఉన్న పాత ఇంజిన్ మీద మరో మూడున్నర టన్నులు ఎక్కించారన్నమాట. మీ సరుకు ఎక్కువగా హైదరాబాదు, విజయవాడ వైపు పోతే 200 చాలు. దోర్నాల, ఆత్మకూరు మధ్య నల్లమల ఘాట్ దాటి కర్నూలు వైపు తరచుగా వెళ్ళేటట్లయితే 230కి తగ్గవద్దని నా అభిప్రాయం.

ఇక అసలు లెక్క. ఒక బండి లీటరుకు 4 కిలోమీటర్లు, మరొకటి 4.2 ఇస్తాయనుకుందాము. మీ 8,000 కిలోమీటర్లకు మొదటిది 2,000 లీటర్లు, రెండవది సుమారు 1,905 లీటర్లు తాగుతుంది. లీటరు 97 రూపాయలనుకుంటే నెలకు సుమారు 9,200 రూపాయలు మిగులుతాయి. మీ కిస్తీ రోజుకు 2,400 రూపాయలు పడుతుంది కదా, ఆ బండి సామాను దొరకక నెలలో నాలుగు రోజులు షెడ్డులో నిలబడితే 9,600 రూపాయలు పోయాయి. డ్రైవరు బత్తా, తప్పిపోయిన కిరాయి ఇంకా ఇందులో కలపలేదు. నేను షెడ్డు నడిపిన రోజుల్లో ఒక పేరున్న కంపెనీ కొత్త బండి చిన్న సెన్సర్ కోసం ఊరుగాని ఊళ్ళో తొమ్మిది రోజులు ఆగింది. ఇంజిన్‌కు ఏ జబ్బూ లేదు.

కాబట్టి షోరూముకు వెళ్ళే ముందు వర్క్‌షాపుకు వెళ్ళండి. మీరు తిరిగే దారిలో ఆ కంపెనీ వర్క్‌షాపులు ఎన్ని కిలోమీటర్లకొకటి ఉన్నాయో, నాక్స్ సెన్సరు (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది), యూరియా పంపు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), క్లచ్ ప్లేటు అప్పటికప్పుడు ర్యాకులో ఉన్నాయో లేదో అడగండి. గేటు బయట ఎదురుచూస్తున్న లారీల డ్రైవర్లను ఎన్ని రోజులైందని అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది. చిన్న ఊళ్ళలో సామాను, మేస్త్రీ తేలికగా దొరకడంలో టాటా, లేలాండ్ ఇప్పటికీ ముందున్నాయని నా అనుభవం. రెండే బండ్లున్న యజమానిగా నేనైతే ఆ రెండింటిలో మీకు దగ్గరగా వర్క్‌షాపు ఉన్నదానినే తీసుకుంటాను. డ్రైవర్ల మాటను కూడా తోసిపుచ్చవద్దు, అయితే 2025 అక్టోబర్ 1 తరువాత తయారైన బరువు లారీలన్నింటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కనుక ఆ సుఖంలో తేడా కొంత తగ్గింది.

ప్రశ్న: మా బావమరిది అమెరికాలో పెద్ద ట్రక్కు నడుపుతాడు. అక్కడి ఇంజిన్లు విప్పకుండా పది లక్షల మైళ్ళు పోతాయని గొప్పలు చెబుతాడు. మన ఇంజిన్లకు ఆ నాణ్యత ఎందుకు లేదు? (ఖమ్మం)

జవాబు: మీ బావమరిది చెప్పిన మాటలో నిజముంది, కానీ పోలిక సమానం కాదు. అక్కడ జాతీయ రహదారుల మీద ట్రక్కు మొత్తం బరువు సాధారణంగా 80,000 పౌండ్లు, అంటే మన లెక్కలో 36 టన్నులు దాటరాదు. దానిని లాగడానికి 15 లీటర్ల కమిన్స్ ఎక్స్15, 14.8 లీటర్ల డెట్రాయిట్ డీడీ15, 12.9 లీటర్ల ప్యాకార్ ఎంఎక్స్-13 వంటి ఇంజిన్లు పెడతారు. మన దగ్గర 55 టన్నుల ట్రైలరును ఆరేడు లీటర్ల ఇంజిన్ లాగుతుంది. దాదాపు సగం గుండెతో ఒకటిన్నర రెట్లు బరువు మోయిస్తున్నామన్నమాట. పైగా అక్కడ ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంలో నిదానంగా తిరుగుతుంది, ఇక్కడ స్పీడ్ బ్రేకరు, టోల్ గేటు, గేదెల మంద, మళ్ళీ మొదటి గేరు. దీనిని నాణ్యత లోపమని నేను అనను. కిరాయి రేటుకు తగిన ధరలో బండి కావాలని మనమే అడిగాము, కంపెనీలు అదే ఇచ్చాయి.

ప్రశ్న: కాకినాడ పోర్టు నుంచి గోడౌన్లకు బియ్యం తోలే బీఎస్-6 లారీ మాది. ఒక్కో ట్రిప్పు పది, పన్నెండు కిలోమీటర్లు. రెండు నెలలకోసారి సైలెన్సర్ బొమ్మ దీపం వెలిగి బండి లాగడం మానేస్తుంది. కంపెనీ మార్చాలా? యూరియా అవసరం లేకుండా చేసే డబ్బా ఒకటి బిగిస్తామని కొందరు అంటున్నారు.

జవాబు: కంపెనీ మార్చినా ఆ దీపం వెలుగుతుంది. సైలెన్సర్‌లోని ఫిల్టరులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. లోడుతో గంటసేపు హైవే మీద పోయే బండిలో అది దానంతట అదే జరిగిపోతుంది, మీ బండి వేడెక్కే లోపే గోడౌన్ వస్తుంది. కనుక దీపం మొదటిసారి వెలిగినప్పుడే బండిని గోనెసంచులకు, ఎండుగడ్డికి దూరంగా ఆపి, రీజెన్ (మసిని కాల్చే) బటన్ నొక్కి అది పూర్తయ్యేదాకా ఇంజిన్ ఆపకుండా ఉంచమని డ్రైవరుకు చెప్పండి. చాలామంది డ్రైవర్లు తొందరలో దానిని మధ్యలో ఆపేస్తారు, అసలు జబ్బు అక్కడే. వారానికొకసారి రాజమండ్రి దాకా లోడు వేయగలిగితే ఇంకా మంచిది. ఇంజిన్ ఆయిల్ మాత్రం కంపెనీ చెప్పిన గ్రేడుదే పోయండి, ఎందుకంటే మసి కాలుతుంది గాని ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, ఫిల్టరులోనే ఉండిపోతుంది.

ఆ డబ్బా జోలికి వెళ్ళవద్దు. అది చట్టవిరుద్ధం, వారంటీ కూడా పోతుంది. అలాగే ట్యాంకులో పోసేది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీరు, పొలంలో చల్లే యూరియాను బకెట్లో కరిగించి పోస్తే నాజిల్ మూతి మీద తెల్లటి పెచ్చు కట్టి, మిగిలిన డబ్బుకు పదింతలు ఖర్చు తెస్తుంది.

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లులకు తిరిగే పాత బీఎస్-3 బండి ఉంది. ఆరేళ్ళలో మూడుసార్లు ఇంజిన్ విప్పాము. ఆయిల్‌లో నీళ్ళు దిగుతున్నాయి. ఈ కంపెనీ లైనర్లే (సిలిండరు లోపలి గొట్టాలే) నాసిరకమని మేస్త్రీ అంటున్నాడు.

జవాబు: డిప్ స్టిక్ లాగి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉండి ఉంటుంది. తీసేసిన లైనరును పారవేయకుండా లేత్ షాపు గుమ్మం దగ్గర ఎండకు ఎత్తి పట్టుకొని లోపలి నుంచి చూడండి, ఒక పక్క వరుసగా సూదిమొన పోటుల వంటి చుక్కల్లో వెలుగు కనిపిస్తే అది నాసిరకం లైనరు కాదు, నీటి దెబ్బ. పిస్టను కొట్టుడుకు లైనరు గంటలా అదురుతుంది, ఆ అదురుకు బయటి వైపు నీటిలో బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని తొలిచేస్తాయి. కూలెంట్‌లోని మందు లైనరు మీద పొరగా నిలిచి దీనిని ఆపుతుంది. డ్రైవరు దారిలో కనిపించిన బోరు నీళ్ళు పోస్తే ఆ పొర ఉండదు, మీ ప్రాంతపు నీటిలోని సున్నం పెచ్చు కట్టి వేడి కూడా బయటికి పోదు. ఈసారి లైనర్లతో పాటు రేడియేటర్ కోర్ శుభ్రం చేయించి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు) మార్చి, కూలెంట్ కలిపిన నీళ్ళ క్యాను ఒకటి క్యాబిన్‌లో ఎప్పుడూ ఉంచండి. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని మేస్త్రీ చెబితే ఒప్పుకోవద్దు.