స్లైడ్ రూల్ పట్టుకున్న పాత్ర

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

కథ చదివాను. 1968 నాటి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ, హాస్టల్లో మన తెలుగు కుర్రాళ్ల మాటలు చక్కగా కుదిరాయి. దెబ్బతిన్నది స్లైడ్ రూల్ దగ్గరే, అంటే కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు లెక్కలకి వాడిన, నడుమ పట్టీ జరిగే స్కేలు. నీ రామ్మూర్తి దాని మీద మెస్ బిల్లు కూడేశాడు. స్లైడ్ రూల్ మీద కూడికలు, తీసివేతలు అవ్వవు. గుణకారం, భాగహారం, వర్గాలు, వర్గమూలాలు, సైన్, టాన్ విలువలు, వీటికే అది. మెస్ బిల్లు కాగితం మీద కూడించు.

ఎందుకవ్వవో తెలిస్తే మిగతా పొరపాట్లు నీకే కనిపిస్తాయి. అది చేసేదల్లా రెండు పొడవుల్ని కలపడం. ఆ పొడవులు సంఖ్యలవి కావు, వాటి లాగరిథమ్‌లవి. లాగరిథమ్‌లు కూడితే సంఖ్యల్ని గుణించినట్టే. కాబట్టి 'సమదూరంలో గీసిన గీతలు' అన్న వాక్యం కొట్టెయ్. 25 సెంటీమీటర్ల స్కేలు మీద 1 నుంచి 2కి ఏడున్నర సెంటీమీటర్లు, 9 నుంచి 10కి సెంటీమీటరు పైచిలుకు, అంతే.

మెస్ బిల్లు బదులు ఓ దూలం లెక్క ఇవ్వు: పొడవు 6.2 మీటర్లు, మీటరుకు 345 కిలోల బరువు, మొత్తం ఎంత? జరిగే పట్టీ మీద సి స్కేలు, కింద కదలని డి స్కేలు. రెండూ 1 నుంచి 10 దాకానే, కాబట్టి 345ని 3.45గా తీసుకోవాలి. సి మీది ఎడమ 1ని డి మీది 3.45 దగ్గర పెడితే, సి మీది 6.2 చివర దాటి గాల్లోకి పోతుంది. అక్కడ రామ్మూర్తి పట్టీని ఎడమకి లాగి, కుడి చివరి 10ని 3.45 మీదకి తేవాలి. డి మీద 2 నుంచి 4 దాకా చిన్న గడి విలువ 0.02, కాబట్టి 3.45కి గీతే ఉండదు, 3.44, 3.46ల నడుమ కంటితో పట్టుకోవాలి. తర్వాత కర్సర్ (రూల్ మీద జరిగే పారదర్శకపు బిళ్ల) మీది వెంట్రుక గీతని సి మీది 6.2కి జరిపితే, కింద డి మీద 2.14 పక్కన నిలుస్తుంది. తల పక్కకి వంచి చూస్తే గీత జరిగినట్టు కనిపించి, జవాబు మారుతుంది.

ఆ 2.14 అంటే 214 కిలోలా, 2140 కిలోలా? రూల్ చెప్పదు. 350 ఆర్లు 2100 అని అతని మనసులో ముందే ఉండాలి. ఈ ఒక్క క్షణం బాగా రాయి, పాత్ర తెలివంతా ఇక్కడే కనిపిస్తుంది. అసలు జవాబు 2139. ఆ చివరి 9 ఈ స్కేలు మీద చదవలేం. మూడంకెల దాకానే నమ్మకం. నువ్వు రామ్మూర్తి నోట పలికించిన 24,862 లాంటివి తీసెయ్.

నవంబరు ముసురు నీ కథలో ఉండనే ఉంది, వాడుకో. చెక్క రూల్ తేమకి ఉబ్బి, పట్టీ బిగుసుకుంటుంది. బలంగా లాగితే ఒక్కసారిగా జారి గురి తప్పుతుంది. గాడిలో కాస్త మైనం రాసి మెత్తని గుడ్డతో తుడుస్తారు. వెదురుతో చేసిన జపాన్ హెమ్మీ రూళ్లకి ఈ బాధ తక్కువ.

ఆఖరి పేజీలో, అదే ఏడాది, రామ్మూర్తి జేబులోంచి కాలిక్యులేటర్ తీశాడు. సైన్లు, లాగ్‌లు చేసే మొదటి జేబు కాలిక్యులేటర్ హెచ్‌పీ-35 వచ్చింది 1972లో, అదీ 395 డాలర్లకి. ఆ పేరా తీసేసి, దూలం లెక్కతో తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.